రెండో అంకంలో మాయమైన ఉత్తరం

ఉత్తరం మూడోసారి మాయమైంది బ్రైటన్‌లో, బుధవారం ఆటలో.

మొదటిసారి లీడ్స్‌లో పోయినప్పుడు పొరపాటు అనుకున్నాం. నాటింగ్‌హామ్‌లో పోయినప్పుడు ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. బ్రైటన్ తర్వాత మాత్రం కంపెనీలో ఉన్న పద్నాలుగు మందిదీ ఒకటే మాట. ఎవరో కావాలనే చేస్తున్నారు.

నాటకం పేరు 'ఉప్పుగాలి'. అందులో ముఖ్య వేషం హెస్టర్ వేన్‌ది. రెండో అంకంలో ఆవిడ, యుద్ధంలో పోయాడనుకున్న కొడుకు రాసిన ఉత్తరం పట్టుకుని ఒంటరిగా మెట్లు దిగి వస్తుంది. బిగ్గరగా చదువుతుంది. చదివి కాల్చేస్తుంది. పదకొండు నిమిషాల సన్నివేశం. జనం వచ్చేది ఆ పదకొండు నిమిషాల కోసమే. ఇంకో రెండు వారాల్లో నాటకం లండన్ వెళ్ళాలి.

సైడ్ వింగ్‌లో సామాన్ల బల్ల ఉంటుంది. దానిమీద గోధుమరంగు కాగితం పరిచి, ఒక్కో వస్తువుకీ ఒక్కో గడి గీసి, గడిలో నటుల పేరు రాస్తారు. రోజూ కాల్చేస్తారు కాబట్టి రోజూ కొత్త ఉత్తరం రాసి హెస్టర్ గడిలో పెడతారు. ఆట మొదలయ్యే ముందు ఎవరి గడి వాళ్ళు చూసుకోవాలి. ఇంకొకరి గడిలో వేలు పెట్టకూడదు. మా వృత్తిలో తాగి రావచ్చు, తోటి నటుడి పెళ్ళాంతో లేచిపోవచ్చు, ఎవరో ఒకరు క్షమిస్తారు. ఇంకొకరి వస్తువు ముట్టుకున్నవాళ్ళకి మాత్రం మళ్ళీ పని దొరకదు.

నా పేరు మేవిస్ టిల్. ముప్పై మూడేళ్ళుగా హెస్టర్ వేన్‌కి దుస్తులు తొడిగే మనిషిని నేనే.

రెండుసార్లు పోయాక, నా ఏప్రన్ జేబులో రెండో కాపీ ఒకటి ఉంచుకుంటానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"రెండోది పెట్టుకుంటే మొదటిది పోతుందని ఒప్పుకున్నట్టే కదే! నా గడిలో నా ఉత్తరం ఉండాలి. అంతే!"

లీడ్స్‌లో ఆవిడ చేతిరుమాలునే ఉత్తరంలా విప్పి, మొత్తం కంఠతా చెప్పేసింది. నాటింగ్‌హామ్‌లో రెండుచోట్ల తడబడింది. బ్రైటన్‌లో మెట్లు దిగి వచ్చి, ఖాళీ చేతులు చూసుకుని, ఆగిపోయింది.

నలభై సెకన్లు. వేదిక మీద నలభై సెకన్లంటే ఒక మనిషిని పాతిపెట్టేంత సమయం.

అప్పుడు తలుపు తోసుకుని జిలియన్ టఫ్నెల్ వచ్చింది. జిలియన్‌ది పనిమనిషి వేషం. హెస్టర్‌కి ఒంట్లో బాగోకపోతే ఆ పాత్ర వెయ్యాల్సిన బదులు నటి కూడా ఆవిడే. ఆ సన్నివేశంలో ఆవిడకి పనేమీ లేదు. అయినా టీ పళ్ళెంతో లోపలికి వచ్చి, వంగి, "బాబుగారి ఉత్తరం తెల్లారి నుంచి పదిసార్లు చదివించారు కదమ్మా, నాకూ నోటికొచ్చేసింది. చెప్పమంటారా?" అంది. అని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చెప్పింది. హెస్టర్ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నది. నాటకమే అలా ఉందనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లే జిలియన్ కొంప ముంచాయి.

తెర పడగానే హెస్టర్ నడవాలో అందరిముందూ ఆవిణ్ణి నిలదీసింది.

"నోటికొచ్చేసిందట! ఎందుకు రాదూ? మూడు ఉత్తరాలు దాచుకుని వల్లె వేస్తే చిలక్కైనా వస్తుంది!"

"నేను మీ బదులు నటిని మేడమ్. నోటికి రాకపోతే నన్ను పంపించేస్తారు" అంది జిలియన్, పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది.

"నా జ్వరానికి బదులువే నువ్వు. నా చావుకి కాదు!"

"అయ్యో, నేను మిమ్మల్ని కాపాడదామని..."

"కాపాడావు మరి! తొయ్యడం తెలిసినవాళ్ళకే చెయ్యి ఎప్పుడందించాలో తెలుస్తుంది."

కంపెనీ మేనేజర్ డెస్మండ్ పైక్ మధ్యలోకి వచ్చి ఇద్దరినీ విడదీశాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచాడు.

"రేపు మ్యాట్నీకి హాఫ్ పిలిచేలోగా జిలియన్ చేత సంచీ సర్దించేస్తా మేవిస్. హెస్టర్ వేన్ లేకపోతే లండన్ లేదు. పనిమనిషి వేషానికి పొద్దున్నే ఇంకొకావిణ్ణి రైలెక్కించమని కబురు పెట్టా."

"ఆవిడే తీసిందని మీరు చూశారా?"

"ఎవడు చూస్తాడు? కానీ లాభం ఎవరికో చూడు."

తెర లేవడానికి ముప్పై అయిదు నిమిషాల ముందు వచ్చే పిలుపు పేరు హాఫ్. మ్యాట్నీ రెండున్నరకి. అంటే నాకు మర్నాడు ఒంటిగంటా యాభై అయిదు దాకా టైముంది.

జిలియన్ తీసిందంటే నేను నమ్మలేదు. పదకొండు నెలలు పనిలేకుండా ఉండి దొరికిన వేషం ఆవిడది. యాభై రెండేళ్ళ మనిషి. ఈ మచ్చతో బయటికి వెళితే ఇక ఏ గుమ్మం తెరుచుకోదు. అసలు దొంగని పట్టుకోవాలి. పట్టుకుంటే హెస్టర్ భయమూ పోతుంది. రెండు పనులూ ఒక్క దెబ్బతో అయిపోతాయనుకున్నాను.

గురువారం ఒంటిగంటకి స్టేజీ వాళ్ళు బల్ల సర్ది, ఉత్తరం గడిలో పెట్టి, భోజనానికి పోయారు. నేను బల్లకి ఎదురుగా, వింగ్‌లో వేలాడే నల్లతెర వెనక నిలబడ్డాను. తెర మడతలో బొటనవేలంత సందు.

పావుగంట ఎవరూ రాలేదు. బయట వాన. కప్పు మీద నుంచి ఎక్కడో చుక్కలు పడుతున్న చప్పుడు.

ఒంటిగంటా ఇరవైకి చెప్పుల అలికిడి. మెత్తటి చెప్పులు.

హెస్టర్ వచ్చింది.

మేకప్ గదిలో వేసుకునే నీలం గౌను మీదే ఉంది. అటూ ఇటూ చూసింది. బల్లమీదికి వంగి గడుల్లోని పేర్లు వేలితో ఒక్కోటీ చదువుకుంది, బడికి కొత్తగా వచ్చిన పిల్లలా. తన పేరు దగ్గర ఆగింది. ఉత్తరం తీసి చేతిమడతలో దోపుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

నేను కదల్లేదు. కదిలితే చూసింది నిజమైపోతుందని.

అయినా వెళ్ళాను. ఆవిడ గది తలుపు ఓరగా ఉంది. అద్దం ముందు కూర్చుని, కనుబొమలు దిద్దుకునే పెన్సిల్‌తో ఉత్తరం వెనకవైపు ఏదో రాసింది. చదువుకుంది. మడిచి టోపీల పెట్టెలో, అడుగున పెట్టి, మూత వేసింది. తర్వాత పౌడర్ అద్దుకుంది. పౌడర్ అద్దుకోవడం పూర్తయ్యేసరికి ఆవిడ మొహం మారిపోయింది.

"బంగారం! ఎక్కడున్నావు? వెళ్ళి బల్ల చూసిరా. ఆ టఫ్నెల్ మనిషి నా ఉత్తరం ఉంచిందో లేదో!"

అబద్ధం ఆడుతున్న గొంతు కాదు. ఆవిడ నటన ముప్పై మూడేళ్ళు చూశాను. నటన కాదది.

"చూసొస్తాను మేడమ్" అన్నాను.

ఆవిడ గొంతు సవరించుకోవడానికి ఖాళీ వేదిక మీదికి వెళ్ళింది. ప్రతి ఆటకీ ముందు పది నిమిషాలు వెళుతుంది. ఆ పది నిమిషాల్లో నేను టోపీల పెట్టె తెరిచాను.

నాలుగు ఉత్తరాలు. నాలుగింటి వెనకా ఆవిడ రాతే.

లీడ్స్‌ది: 'నాటకం ఉప్పుగాలి. నేను కొడుకు పోయిన తల్లిని. ఎడమవైపు నుంచి రావాలి. పదమూడు మెట్లు.'

నాటింగ్‌హామ్‌ది: 'ఎర్ర టై కట్టుకునేది డెస్మండ్. అరుస్తాడు. భయపడక్కర్లేదు.'

బ్రైటన్‌ది: 'పనిమనిషి వేషం ఆవిడ. పేరు అడగకు, నిన్ననే అడిగావు. మంచిది. టీ ఇస్తుంది.'

నాలుగోది ఇప్పుడే రాసింది. పెన్సిల్ ఇంకా చేతికి అంటుతోంది. 'పొడుగాటి ఆవిడ, చేతికి సూదుల దిండు. మేవిస్. ఈమెని నమ్మొచ్చు.'

హెస్టర్ గ్రిమ్స్‌బీ చేపల రేవులో పుట్టింది. తల్లి చేపలు కోసేది. పదహారో ఏట ఇంట్లోంచి పారిపోయి ఊరూరా తిరిగే నాటక కంపెనీలో చేరింది. వారానికో కొత్త నాటకం. పగలు వచ్చేవారం నాటకం బట్టీ పట్టాలి, సాయంత్రం ఈవారం నాటకం ఆడాలి. అలా ఆరేళ్ళు. పేజీ ఒకసారి చూస్తే చాలు, ఆవిడకి వచ్చేసేది. సినిమాల్లోకి అలాగే వెళ్ళింది. అసలు నటికి గొంతు పోయిన రోజు, భోజనాల టైములో స్క్రిప్టు చదివి, సాయంత్రానికి నర్సు వేషం వేసేసింది. ఆ తర్వాత తొమ్మిది సినిమాలు. హాలీవుడ్‌లో రెండేళ్ళు. "అక్కడ మొహాన్ని అద్దెకిస్తే చాలే, బుర్ర అక్కర్లేదు" అని తిరిగొచ్చేసింది. ఇద్దరు మొగుళ్ళు. ఇద్దరూ ఆవిడకంటే ముందే అలిసిపోయారు. అందం పోయినా, సినిమాలు పోయినా ఆవిడ బాధపడగా నేను చూడలేదు. "ఇది ఉంది చాలు" అని కణత మీద వేలితో కొట్టుకునేది.

నాకెందుకు తెలియలేదు? దాదాపు ఏడాదిగా ఆవిడ నన్ను పేరుతో పిలవలేదు. 'బంగారం' అంటోంది. డెస్మండ్‌నీ బంగారం అనే అంటోంది. కాపలా ముసలాయన్నీ, కుక్కనీ కూడా. నాటకాలవాళ్ళం అందరం అంతే కదా, అందరినీ అలాగే పిలుస్తాం. అందరూ బంగారాలైన చోట పేర్లు మర్చిపోయిన మనిషిని ఎవరు కనిపెడతారు? ఇదే మాటని ఇంకెక్కడో, బ్యాంకులోనో బడిలోనో అనుంటే, మూడో రోజుకే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు.

టైము ఒకటీ నలభై.

ఏం చెయ్యాలో మెట్లు దిగుతూ నిర్ణయించుకున్నాను. ఉత్తరాలు నేనే తీశానని చెబుతాను. నన్ను పంపించేస్తారు. జిలియన్ మిగులుతుంది. హెస్టర్ లండన్ వెళుతుంది. నాకు అరవై దాటాయి. నా పేరు ఏమైతేనేం? మాట కూడా సిద్ధం చేసుకున్నాను, 'నేనే తీశా డెస్మండ్ గారూ, బుద్ధి గడ్డితిని' అని.

హెస్టర్ వేదిక మీంచి ఎదురొచ్చింది. నవ్వుతోంది. వేదిక వాసన తగిలితే ఆవిడకి ఇరవై ఏళ్ళు తగ్గేవి. నా చెవి దగ్గరికి వంగి, జోకు చెబుతున్నట్టు అడిగింది.

"బంగారం, ఇవాళ మనం ఏం ఆడుతున్నాం?"

"ఉప్పుగాలి, మేడమ్."

"అదే అదే! ఊరికే నిన్ను పరీక్షించా."

ఆవిడ గదిలోకి వెళ్ళిపోయింది. నేను మెట్ల మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నేను వెళ్ళిపోతే ఈ ప్రశ్న ఎవర్ని అడుగుతుంది? చీకట్లో పదమూడు మెట్లు దిగాలి ఆవిడ. లండన్‌లో వెయ్యిమంది ముందు ఆగిపోతుంది, లోపలికి వచ్చి కాపాడదామంటే ఎవరికీ ధైర్యం చాలదు, జిలియన్‌కి ఏమైందో చూశాక. సిద్ధం చేసుకున్న అబద్ధం ఆ మెట్ల మీదే చచ్చిపోయింది.

డెస్మండ్ గదిలో జిలియన్ కోటు వేసుకుని కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర సంచీ. నేను మూడు ఉత్తరాలు బల్లమీద పెట్టాను. నాలుగోది ఏప్రన్ జేబులోంచి తియ్యలేకపోయాను.

డెస్మండ్ చదివాడు. 'ఎర్ర టై' దగ్గర తన మెడ తడుముకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"నాకు అరగంట నుంచి."

"ముప్పై మూడేళ్ళు పక్కన ఉండి నీకు అరగంట నుంచా?"

"మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో మీరు చెప్పండి డెస్మండ్ గారూ."

జిలియన్ బ్రైటన్ ఉత్తరం చేతిలోకి తీసుకుని, "మంచిది, టీ ఇస్తుంది" అని పైకి చదివి ఏడ్చేసింది.

"లే జిలియన్, కోటు విప్పు. హెస్టర్ వేషంలో నువ్వు ఎక్కాలి. నీ వేషానికి వచ్చినావిడ రైలు దిగే ఉంటుంది" అన్నాడు డెస్మండ్.

"నేను వెయ్యను. నిన్న ఆవిడ అన్నదే నిజం చెయ్యమంటారా?"

"బయట ఎనిమిది వందల మంది వానలో గొడుగులు దులుపుకుంటున్నారు. వాళ్ళకి నువ్వెళ్ళి చెబుతావా, నేను చెప్పనా?"

గోడ మీద స్పీకర్లో హాఫ్ పిలిచారు.

హెస్టర్‌తో మాట్లాడింది డెస్మండే. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అప్పటికే ఆవిడ నాటకంలోని నల్లపట్టు గౌను తొడుక్కుని ఉంది. ఆవిడ వినడం పూర్తిచేసి, ఉత్తరాలు చూసి, "ఇది నా రాత కాదు" అంది. తర్వాత, "ఎవరు తెచ్చారివి?"

డెస్మండ్ కళ్ళు నా వైపు తిరిగాయి.

"ఓహో!" హెస్టర్ లేచింది. "ఇంటి దొంగ! నా గది తాళం దీని దగ్గర, నా పెట్టె తాళం దీని దగ్గర. తీసింది ఇదే, రాసిందీ ఇదే! ముప్పై ఏళ్ళు నా వెనక నిలబడింది ఇందుకటే?"

వృత్తిలో మాకో పద్ధతి ఉంది. దుస్తులు తొడిగే మనిషి పాత్రకి చెందుతుంది, నటికి కాదు. ఆ పాత్ర ఎవరు వేస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. ఇంకో సంగతి కూడా ఉంది. లండన్ చేరేదాకా బదులు నటికి వేరే గౌను కుట్టరు. ఉన్నది ఆ ఒక్క గౌనే. నేనే విప్పాలి.

గౌను వెనక ముప్పై రెండు కొక్కేలు.

నేను దగ్గరికి వెళితే కొడుతుందనుకున్నాను. కానీ నా వేళ్ళు మొదటి కొక్కేన్ని తాకగానే ఆవిడ నోరు ఆగిపోయింది. తల ఎత్తి, వెన్ను నిటారుగా పెట్టి, చేతులు కాస్త పక్కలకి చాచింది. యాభై మూడేళ్ళుగా దుస్తులు మార్చేటప్పుడు నటి నిలబడాల్సిన పద్ధతి అది. బుర్ర మర్చిపోయినా ఒళ్ళు మర్చిపోలేదు. ముప్పై రెండూ విప్పేదాకా అలాగే నిలబడింది. గౌను జారాక భుజాలు చలికి వణికాయి. నీలం గౌను కప్పబోయాను.

"ముట్టుకోకు" అంది.

పట్టుగౌను తీసుకుని పక్కగదికి వెళ్ళాను. జిలియన్ చేతులు చాచి నిలబడింది. గౌను ఇంకా వెచ్చగా ఉంది.

ఆ మధ్యాహ్నం జిలియన్ బాగా చేసింది. లండన్‌లో ఏడాదిన్నర ఆడింది నాటకం. పేపర్లవాళ్ళు ఆలస్యంగా వికసించిందని రాశారు. ఆవిడకి నేను ఆ ఏడాదిన్నరా కొక్కేలు పెట్టాను. ఏ ఒక్క రోజూ హెస్టర్ పేరు మేమిద్దరం ఎత్తలేదు.

హెస్టర్‌ని లండన్ శివార్లలో ముసలి నటుల ఆశ్రమంలో చేర్చారు. నేను ప్రతి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఆవిడ జ్ఞాపకాల్లోంచి మొదట సినిమాలు పోయాయి, తర్వాత మొగుళ్ళు, ఆ తర్వాత గ్రిమ్స్‌బీ. ఒక్కటి మాత్రం పోలేదు. నన్ను చూడగానే గోడవైపు తిరిగేది. పేరు తెలియదు, ఎవరో తెలియదు. తనకేదో చేసిన మనిషినని మాత్రం తెలుసు. తెచ్చిన అల్లం బిస్కెట్లు బల్లమీద పెట్టి, గంటసేపు ఆవిడ వీపు చూస్తూ కూర్చుని వచ్చేసేదాన్ని.

రెండో ఏడు, మార్చిలో ఒక ఆదివారం, వార్డెన్ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఈ వారం ఆవిడ సరిగ్గా తినడం లేదండీ. కనిపించినవాళ్ళందర్నీ ఒకటే ప్రశ్న. 'నేను మర్చిపోయానట, నిజమేనా?' అని. మేమేం చెప్పినా నమ్మదు. పొద్దున్న వంటావిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు."

హాల్లో ఎనిమిది మంది ముసలివాళ్ళు టీ తాగుతున్నారు. హెస్టర్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆ రోజు గోడవైపు తిరగలేదు. నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి పక్షి కాలులా ఉంది.

"నువ్వు చెప్పు. నేను వేదిక మీద మర్చిపోయానట. అందుకే నన్ను తీసేశారట. నేను మర్చిపోతానా? వారానికో నాటకం ఆడినదాన్ని, నేను మర్చిపోతానా?"

కళ్ళలో భయం. గ్రిమ్స్‌బీ నుంచి పారిపోయినప్పుడు కూడా ఆ కళ్ళలో అంత భయం ఉండి ఉండదు. ఆవిడ దగ్గర ఉన్నదంతా పోయింది. పోయిందన్న సంగతి తెలియడం ఒక్కటే మిగిలింది.

"లేదు మేడమ్" అన్నాను. "మీరు మర్చిపోలేదు. ఉత్తరాలు నేనే తీశాను."

పట్టు బిగిసింది.

"నువ్వా?"

"నేనే. మీ గడిలోంచి తీసి టోపీల పెట్టెలో దాచాను. మీ రాత నేర్చుకుని వెనక రాశాను. మీకు మతిపోయిందని అందరికీ చూపించాను."

"ఎందుకే?"

కారణం సిద్ధం చేసుకోలేదు. నోటికి వచ్చింది చెప్పాను.

"కుళ్ళు మేడమ్. మీరు వెలుతుర్లో, నేను చీకట్లో. ముప్పై మూడేళ్ళు."

చెప్పాక, అది పూర్తిగా అబద్ధమేనా అని ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది.

మెల్లగా హెస్టర్ వెన్ను నిటారుగా అయింది. గడ్డం పైకి లేచింది.

"నాకు తెలుసు" అంది. "నాకు మొదట్నుంచీ తెలుసు! వినండర్రా!" టీ కప్పులన్నీ ఆగిపోయాయి. "వినండి! నేను మర్చిపోలేదు. ఇదిగో, ఇది చేసిందంతా. దాని నోటితోనే చెప్పింది!"

ఒకప్పుడు సర్కస్‌లో కూడా పనిచేసిన ముసలాయన ఒకడు, "ఛీ, ఇంకొకరి సామాను ముట్టుకుంటావా? సిగ్గులేదూ!" అన్నాడు నాతో. పక్కనున్నావిడ కుర్చీ దూరంగా జరుపుకుంది. అందరూ మా వృత్తివాళ్ళే. నేను ఏం చేశానో వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

"దీన్ని పంపించెయ్యండి. మళ్ళీ రానివ్వకండి" అంది హెస్టర్. తర్వాత వంటావిడ వైపు తిరిగి, "నాకు గుడ్డు ఉడకబెట్టి తెస్తావా తల్లీ? ఆకలేస్తోంది."

వార్డెన్ నాతో గుమ్మం దాకా వచ్చింది. ఆవిడకి నిజం తెలుసు, ఫైల్లో ఉంది. నా గొడుగు తీసి ఇచ్చింది.

"ఇంక మీరు రాకపోతేనే మంచిదేమోనండీ. మిమ్మల్ని చూస్తే..."

"రానమ్మా. బిస్కెట్లు మాత్రం పోస్టులో పంపిస్తాను. ఎవరు పంపారో చెప్పకండి."

కంకరదారి మీద నడుస్తున్నాను. హాలు కిటికీ తెరిచి ఉంది. లోపల హెస్టర్ జరిగిందంతా వాళ్ళకి చెబుతోంది. బల్ల, గడులు, నల్లతెర, టోపీల పెట్టె. నేను చెప్పని సంగతులు కూడా కల్పించి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి, వెనక వరుసదాకా వినిపించే గొంతుతో చెబుతోంది. గేటు దాకా వినిపించింది. ఒక్క మాట కూడా తడబడలేదు.